వేలి గుర్తుల ధర

మనిషి చేత్తో చేసిన వస్తువు మీద ఆ మనిషి వేలి గుర్తులు కనబడ్డాయని, అది లోపమని, కాబట్టి ధర తగ్గించాలని ఉత్తరం రాసినవాణ్ణి నేను. రాయడంతో ఆగలేదు. తగ్గించిన డబ్బు తీసుకున్నాను కూడా. ఇంకెవరైనా అయితే తెలియక రాశారులే అనుకోవచ్చు. నాకు ఆ సాకు లేదు. మాది కైరుప్పల. ఆస్పరి మండలం. ఉగాది మర్నాడు ఊరు ఊరంతా రెండు పక్షాలుగా విడిపోయి పిడకలతో కొట్టుకునే ఊరు. వీరభద్రస్వామికీ కాళమ్మకూ మనసు కలిసిందని, పెళ్ళి మాట దగ్గర తేడా వచ్చి రెండు వైపులవాళ్ళూ పిడకలు విసురుకున్నారని, ఆ తగువు తీరాకే కల్యాణం జరిగిందని మా ఊళ్ళో చెప్పుకుంటారు. దెబ్బ తగిలినవాళ్ళు గుడికి పోయి విభూతి పెట్టుకుంటారు. ఆ సాయంత్రం కోసం ఎంతో ముందు నుంచే పిడకలు పోగేస్తారు.

పేడలో పొట్టు కలిపి, ముద్ద చేసి, గోడకు చరిచి, అరచేత్తో అదిమితేనే అది పిడక అవుతుంది. ప్రతి పిడక మీదా అయిదు వేళ్ళూ అచ్చుపడి ఉంటాయి. మా ఇంటి వెనక గోడ మీద ఎండే పిడకల్లో మా అమ్మ చేసినవి ఏవో, అవ్వ చేసినవి ఏవో చిన్నప్పుడు చూడగానే చెప్పేవాణ్ణి. అవ్వ చెయ్యి వెడల్పు, వేళ్ళ మధ్య ఎడం ఎక్కువ. అమ్మ చూపుడువేలు కొడవలికి తెగి మానడంతో కొస దగ్గర వంకర తిరిగింది, అచ్చులోనూ ఆ వంకర కనిపించేది. ఇంత తెలిసి ఆ ఉత్తరం రాశాను.

ఉద్యోగం మీద కెనడాలో కాల్గరీకి వెళ్ళాక ఇదంతా మొదలైంది. కాల్గరీకి ఆగ్నేయంగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో మెడిసిన్ హాట్ అనే ఊరుంది. ఆ నేల కింద సహజవాయువు ఉంది కాబట్టి మంట చవక. తూర్పున సస్కాచివాన్ రాష్ట్రంలో ఈస్టెండ్ అనే చోట మేలైన బంకమన్ను దొరుకుతుంది. సరుకు మొయ్యడానికి కెనడియన్ పసిఫిక్ రైలు ఉండనే ఉంది. మంట, మన్ను, రైలు ఒకచోట కలిసేసరికి అక్కడ కుండల పరిశ్రమ పుట్టింది. 1912లో మొదలైన ఒక కార్ఖానా తర్వాత మెడాల్టా అనే పేరుతో దేశమంతా తెలిసింది. పిండి కలుపుకునే గిన్నెలు, రైళ్ళలోనూ హోటళ్ళలోనూ వాడే కప్పులు సాసర్లు, అన్నిటికన్నా ముఖ్యంగా జాడీలు అక్కడ తయారయ్యేవి. పశ్చిమ కెనడా రైతుల ఇళ్ళలో దోసకాయలు, క్యాబేజీ ఊరవేసుకున్నది వాటిలోనే. 1954లో కార్ఖానా మూతపడింది. ఇప్పుడది మ్యూజియం. ఇటుకలతో కట్టిన పెద్ద పెద్ద గుండ్రటి కొలుములు అలాగే నిలబడి ఉన్నాయి. ఆవరణలోనే ఇతర దేశాల నుంచి కూడా కళాకారులు వచ్చి కొన్నాళ్ళుండి పనిచేసుకునే స్టూడియో నడుస్తోంది.

ఒక సెలవు రోజున మిత్రులతో అక్కడికి వెళ్ళి ఆ జాడీల వరస ముందు నిలబడిపోయాను. లేత రంగు పూత, మీద నీలం ముద్ర, ఎన్ని గ్యాలన్లు పడుతుందో చెప్పే అంకె. మా ఇంట్లో ఊరగాయ పెట్టే జాడీ ఈ జాతిదే. పరాయి దేశంలో సొంత ఇంటి వస్తువు కనబడినప్పుడు కలిగే సంతోషం నిజమైనది, దాన్ని ఇప్పటికీ తప్పుపట్టను. ఆ సంతోషాన్ని నేను ఏం చేసుకున్నానన్నదే నా బాధ.

మెడాల్టా మూతపడినా ఆ ప్రాంతంలో మట్టిపని ఆగలేదు. లూక్ లిండో అనే కళాకారుడికి భూగర్భశాస్త్రం కూడా తెలుసు. కాల్గరీలోని కళాశాలలో మట్టిపని నేర్పాడు, ఎక్కడ ఏ మన్ను ఉందో వెతుక్కుంటూ తిరిగాడు, మెడిసిన్ హాట్‌లో ప్లెయిన్స్‌మన్ క్లేస్ అనే మట్టి కంపెనీ పెట్టాడు. చిన్న చిన్న వర్క్‌షాపుల్లో ఒకరిద్దరు మనుషులు చక్రం మీద చేసే మగ్గులు, పళ్ళాలు ఆ ప్రాంతంలో దొరుకుతాయి. అలాంటి ఒక వర్క్‌షాపు నాకు అలవాటైంది. ఒక్క ఆవిడే నడుపుతుంది. నా తెలివితక్కువతనం చెప్పుకునేచోట ఆమె పేరెందుకు?

కొలిమి తెరిచే రోజు ముందే తెలియజేసేది. పొద్దున్నే వెళ్తే చేతికి ఇంకా వెచ్చగా తగిలే మగ్గులు బల్లల మీద ఉండేవి. మొదట ఒకటి కొన్నాను. దానికి జతగా ఇంకొకటి. తర్వాత వరస పూర్తి కావాలన్న పట్టుదల వచ్చింది. ఆకుపచ్చ పూతలో మూడు సైజులుంటే మూడూ కావాలి. ఇనుము పాలు తక్కువైతే లేత ఆకుపచ్చ, ఎక్కువైతే నల్లటి గోధుమరంగు వస్తుందని తెలిశాక, ఆ మధ్య మెట్లన్నీ నా అలమారాలో ఉండాలనిపించింది. కొలిమిలో గాలి తగ్గించి కాలిస్తే ఒక రంగు, గాలి ఆడనిస్తే ఇంకొకటి. ఇవన్నీ చదివి తెలుసుకున్నాను. 1920లో ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో బెర్నార్డ్ లీచ్, జపాన్ నుంచి వచ్చిన షోజి హమాడా కలిసి వర్క్‌షాపు పెట్టడం, తర్వాత కెనడా నుంచి జాన్ రీవ్ లాంటివాళ్ళు అక్కడికి వెళ్ళి పని నేర్చుకుని రావడం, ఆ నేర్పు కెనడా పశ్చిమ తీరంలో వేళ్ళూనుకోవడం, మన దేశంలోనే పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ స్థాపించడం, ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగేవాణ్ణి. లీచ్ వర్క్‌షాపులో ఏళ్ళ తరబడి చేసింది రోజూ తినే, తాగే పాత్రలేనని కూడా చదివాను. చదివి, నా మగ్గుల్లో ఒక్కదానిలోనూ కాఫీ పోసుకోలేదు. పొద్దున కాఫీ ఆఫీసులో కాగితం కప్పులో, రాత్రి పాలు ఇంట్లో స్టీలు గ్లాసులో.

ఆ ఉత్తరం సంగతికి వస్తాను.

పోస్టులో తెప్పించుకున్న మగ్గు అది. ముదురు నీలం, అంచు దగ్గర తేనె రంగులోకి జారుతుంది. విప్పి, దీపం కింద తిప్పి చూశాను. అడుగున, పాదానికి కొంచెం పైన, ఒక పక్క రెండు, ఎదురు పక్క ఒకటి, మొత్తం మూడు చోట్ల పూత లేదు. వేలి కొసల ఆకారంలో కాలిన మన్ను లేత గోధుమరంగులో కనిపిస్తోంది. పూత ఆ మచ్చల చుట్టూ కొంచెం మందంగా నిలిచి గట్టు కట్టింది. నాకు కనిపించింది అశ్రద్ధ. ఇంత డబ్బు పెట్టిన వస్తువుకు పూత పూర్తిగా వెయ్యరా? ఫొటోలు తీసి, మచ్చల పక్కన స్కేలు పెట్టి మరీ తీసి, ఉత్తరం రాశాను. ఆమె వాదించలేదు. నచ్చకపోతే తిరిగి పంపమంది, లేదా ధరలో కొంత వెనక్కి ఇస్తానంది. మగ్గు ఉంచుకుని డబ్బు తీసుకున్నాను.

ఆ గుర్తులు ఎలా పడతాయో అప్పటికే చదివి ఉండాల్సింది, చదివినవాటిలో ఉంది కూడా. మగ్గును ఒకసారి తక్కువ వేడిలో, దాదాపు 1,000 డిగ్రీల దగ్గర, కాలుస్తారు. అప్పుడది గట్టిపడుతుంది కానీ నీళ్ళు పీలుస్తుంది. సిలికా, ఫెల్డ్‌స్పార్, సున్నపురాయి, బంకమన్ను మెత్తగా నూరి నీళ్ళలో కలిపి పూత తయారుచేసుకుంటారు. మగ్గును పాదం దగ్గర పట్టుకుని, తలకిందులుగా ఆ పూతలో ముంచి, ఒకటి రెండు మూడు అనుకునేలోగా పైకి తీయాలి. ఎక్కువసేపు ఉంటే పొర మందమై కొలిమిలో కారి అడుగు పలకకు అంటుకుంటుంది. తక్కువైతే రంగు పలచబడుతుంది. పట్టుకున్న చోట పూత అంటదు. కొందరు అక్కడ కుంచెతో అద్దుతారు. కొందరు వదిలేస్తారు. తర్వాత 1,200 డిగ్రీలు దాటిన వేడిలో మన్ను రాయవుతుంది, పూత గాజవుతుంది. ఆ మూడు మచ్చలూ ఆమె ఆ మగ్గును చివరిసారి గట్టిగా పట్టుకున్న చోట్లు. ఇవన్నీ తెలిసిన బుర్ర ఒకటి, ఉత్తరం రాసిన చెయ్యి ఒకటి అయ్యాయి.

ఎందుకలా అయ్యాయని చాలాసార్లు ఆలోచించాను. నాకు తోచిన కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. చిన్నప్పుడు నాయనతో పత్తి అమ్మడానికి పోయేవాణ్ణి. కొనేవాడు మూటలోకి చెయ్యి పెట్టి గుప్పెడు పత్తి లాగుతాడు. రెండు చేతుల వేళ్ళ మధ్య పింజను సాగదీసి పొడవు చూస్తాడు. ఆకుముక్క కనబడితే ఎత్తి చూపిస్తాడు, పసుపు మచ్చ కనబడితే ఇంకా పైకెత్తి చూపిస్తాడు. తేమ ఉందంటాడు. ఒక్కో మాటకు ధర కొంత దిగుతుంది. నాయన ఏమీ మాట్లాడేవాడు కాదు. ఆ పత్తి విత్తిన రోజు, పురుగు పట్టిన రోజు, అమ్మ ఒళ్ళో పోగేసుకుంటూ తీసిన రోజు, ఇవేవీ ఆ గుప్పెట్లో ఉండవు. అప్పుడు నాకు కొనేవాడి మీద కోపం వచ్చేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కోపం వచ్చిన మాట నిజమే. కానీ వస్తువు చూడడమంటే ఏమిటో నేను నేర్చుకున్నది అతని దగ్గరే. లోపం వెతికేవాడు తెలివైనవాడు, ఊరికే డబ్బిచ్చేవాడు అమాయకుడు అన్న లెక్క నాలో దిగిపోయింది. డబ్బు నా జేబులోకి వచ్చి, నేను కొనే పక్కకు మారగానే, ఆ వేళ్ళు నావయ్యాయి. ఎక్కడో చలిదేశంలో ఒంటరిగా చక్రం తిప్పుకునే మనిషిని మా నాయన నిలబడ్డ చోట నిలబెట్టాను. ఆమె కూడా ఆయనలాగే ఏమీ అనలేదు.

ఇక్కడితో అయిపోలేదు. తిరిగి వచ్చి ఆదోనిలో ఇల్లు తీసుకున్నప్పుడు, స్వెటర్లలో చుట్టి తెచ్చిన మగ్గులకు అద్దాల అలమారా చేయించాను. అమ్మ కైరుప్పల నుంచి మా దగ్గరికి వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి తొందరగా వస్తే, అమ్మ వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతోంది. చేతిలో ఆకుపచ్చ వరసలోని పెద్ద మగ్గు. నాకు గుండె ఆగినంత పనైంది.

"అమ్మా, అది ఎందుకు తీసినావు? అది వాడేది కాదు" అన్నాను. గట్టిగానే అన్నాను.

"వాడేది కాకుంటే అంత దూరం నుంచి ఎందుకు తెచ్చుకుంటివి నాయనా?" అంది.

ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఖరీదు చెప్పాను. అమ్మ లేచి, మగ్గు కడిగి, కొంగుతో తుడిచి, ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది. ఆ తర్వాత ఆ అలమారా దరికి పోలేదు, దుమ్ము దులపడానికి కూడా. చుట్టాల పిల్లలు అద్దం మీద చెయ్యి పెడితే, "మావాని సామాన్లు, తాకొద్దు నాయనా" అని వాళ్ళను బయటికి పంపేది. ఆమె ఇంట్లో ఆమె తాకకూడని వస్తువులు నేను తయారుచేశాను. నా మూర్ఖత్వంలో డబ్బు పోయిన భాగం చాలా చిన్నది. పెద్ద భాగం ఇది.

ఎమ్మిగనూరులో మాకు దూరపు బంధువు, నాకు మామ వరస, మగ్గం నేస్తాడు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సంఘంలో వాళ్ళ తాత నేసేవాడట. పెళ్ళి పిలుపుకు వచ్చి మా ఇంట్లో భోంచేశాడు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, అడక్కుండానే అలమారా తెరిచాడు. రంగురంగుల మగ్గులన్నీ వదిలి ఆ నీలం దాన్నే తీశాడు. బోర్లించాడు. తన మూడు వేళ్ళు ఆ మూడు మచ్చల మీద పెట్టాడు. సరిగ్గా కుదిరాయి.

"ముంచేటప్పుడు ఈడ పట్టుకున్యారు గదా" అన్నాడు. "మా నూలు చిలపలు రంగులో ముంచితే దారం బిగించి కట్టిన చోట రంగు పట్టదు, అట్లనే."

అవునన్నాను.

"చేసిన మనిషి చెయ్యి తెలుస్తాంది. దీనికి ఎంత ఎక్కువిచ్చినావల్లుడా?"

ఎక్కువిచ్చి ఉంటానని ఆయన అనుకున్నాడు. వెలలేని పని చేసేవాళ్ళకు అలా అనుకోవడం సహజం. తగ్గించుకున్నానని చెప్పలేకపోయాను. ఏదో గొణిగాను. ఆయన దాన్ని లోపల పెట్టి ఇంకోటి తీశాడు. పిడి అతికించిన చోట బొటనవేలితో నొక్కిన నొక్కును చూపించి అమ్మను పిలిచాడు. అమ్మ గడప దగ్గరే నిలబడి చూసింది, లోపలికి రాలేదు.

ఆ రాత్రి ఆ నీలం మగ్గులో కాఫీ తాగాను. ఎన్నో పుస్తకాలు చెప్పనిది అది చెప్పింది. పిడి నిజంగా నాలుగు వేళ్ళకు సరిపోతుంది. తడి చేత్తో మన్ను ముద్దను కిందికి సాగదీస్తూ పిడి చేస్తారు కాబట్టి దాని మీద నీటి చారల లాంటి గీతలుంటాయి, వేళ్ళు జారకుండా ఆపేవి అవే. అంచు లోపలి వైపు కొంచెం వాలి ఉండడంతో చివరి గుక్క కారకుండా నోట్లోకి వస్తుంది. నిండుగా ఉన్నప్పుడు బరువు వెనక్కి, చేతి వైపుకే వస్తుంది. ఆమె చేసిన పనిలో సగం కంటికి కనిపించేది కాదు. ఇన్నేళ్ళూ ఆ సగాన్ని అద్దం వెనక పెట్టి మూసి ఉంచాను. మర్నాడు అలమారా తలుపులు తెరిచేశాను. కొన్ని వంటింట్లోకి వెళ్ళాయి, కొన్ని అడిగినవాళ్ళకు ఇచ్చాను. ఒకటి పగిలింది, పగలగొట్టిన పిల్లవాడి ముఖంలో భయం చూసి, ఆ భయం కూడా నేను చేసిందేనని తెలిసింది.

ఆమెకు డబ్బు తిరిగి పంపాను. ఎందుకు పంపుతున్నానో రాశాను. మా ఊరి గురించి, పిడకల గురించి, గోడ మీద అమ్మ వేళ్ళ అచ్చుల గురించి రాసి, ఊళ్ళో తీసిన గోడ ఫొటో పెట్టాను. క్షమించానని కానీ, పరవాలేదని కానీ ఆమె రాయలేదు. పిడకల మంట ఎంత వేడి ఇస్తుంది, ఎంతసేపు నిలుస్తుంది అని అడిగింది. తెలిసినంతలో జవాబిచ్చాను. పిడక భగ్గున మండదు, నెమ్మదిగా, సమంగా కాలుతుంది. కాలాక బూడిద మీద కప్పుకుని లోపలి వేడిని బయటికి పోనివ్వదు. అందుకే ఊళ్ళలో కుమ్మర్లు ఆవం పేర్చేటప్పుడు పిడకలు, చొప్ప, కంప వాడతారు. ఆ వేడి సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల మధ్య ఉంటుంది కాబట్టి కుండ పూర్తిగా రాయి కాదు, సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి, వాటిలోంచి చెమర్చడం వల్లే ఎండాకాలం నీళ్ళు చల్లబడతాయి. ఈ చివరి మాట ఆమెకు బాగా నచ్చినట్టుంది, దాని మీద చాలా అడిగింది.

అమ్మ మాత్రం తొందరగా దారికి రాలేదు. రమ్మని బతిమాలే హక్కు నాకు లేదు. మజ్జిగ కలిపి ఆ మగ్గుల్లోనే పోసి ఇస్తే, "నాకు నా గ్లాసు ఉంది కదప్పా" అనేది. ఈ ఎండాకాలం ఒక రోజు ఎందుకో తీసుకుంది. పిడి వదిలేసి, రెండు చేతులతో మగ్గు చుట్టూ పట్టుకుని తాగింది. తాగి, తిప్పి చూసి, చెప్పడం మొదలుపెట్టింది. పిడి అడ్డమొస్తోంది. చల్లదనం అరచేతికి తగలల్ల కదా, పిడి పట్టుకుంటే ఏం తగులుతాది? అంచు మందం ఎక్కువ. అడుగు సన్నం, మంచం మీద పెడితే ఒరిగిపోతాది. ఇంత చిన్నదైతే రెండుసార్లు లేచి పోసుకోవాల్సి వస్తాది.

"ఆ యమ్మ పిడి లేకుండా చేస్తుందేమో అడుగు" అంది.

ఆ సాయంత్రమే రాశాను. అర లీటరు పట్టాలి, పిడి వద్దు, అంచు పలచన, అడుగు వెడల్పు. అమ్మ స్టీలు గ్లాసు ఎత్తు, చుట్టుకొలత టేపుతో కొలిచి పంపాను. తడి మన్ను ఆరి, కాలేసరికి పదీ పన్నెండు శాతం కుంచించుకుపోతుంది కాబట్టి ఇవి కాలిన తర్వాత కావాల్సిన కొలతలని విడిగా రాశాను. రంగు మీ ఇష్టమన్నాను. అమ్మ చదివించుకుని విని, ఇంకో మాట చేర్చమంది: ఒకటి కాదు, రెండు కావాలి, ఒకటి ఎమ్మిగనూరుకు.